సిలిండర్‌లో మిగిల్చిన గాలి

మా మనవరాలికి ఉద్యోగం ఇచ్చేముందు వాళ్ళ ముదీర్, అంటే మేనేజరు, ఒక పరీక్ష పెట్టాడు. అందులో ప్రశ్నపత్రాన్ని నేనే. మూడో తరగతితో బడి మానేసినదాన్ని, యాభై ఎనిమిదేళ్ళకి మళ్ళీ పరీక్ష దాకా వెళ్ళానంటే మా పంతులు బతికుంటే నమ్మేవాడు కాదు.

ఈ అరబ్బు దేశంలో, కరామా అనే పేటలో నేను మూడిళ్ళలో వంట చేస్తాను. ఇరవై ఏళ్ళుగా అదే పని. నా కూతురి కూతురు నాలుగేళ్ళ కిందట వచ్చింది. ఒక హోటల్లో ఈతకొలను పక్కన నిలబడి, తడిసి పైకొచ్చినవాళ్ళకి తువ్వాళ్ళు అందించే ఉద్యోగం దానిది. నీడన పొడిగా నిలబడి జీతం తెచ్చుకోవడం దానికి సుఖంగా అనిపించలేదు. సెలవు రోజుల్లో పోయి, వీపున గాలి సిలిండర్ కట్టుకుని సముద్రం అడుగున తిరగడం నేర్చుకుంది. అది చాలక, ఇతరులకి నేర్పడానికి సర్టిఫికెట్ కూడా తెచ్చుకుంది. మా గోదావరి కాలవల్లో మునగడానికి ఎవరికీ సర్టిఫికెట్ అక్కర్లేకపోయింది. ఏటా వరదల్లో ఒకరిద్దరు ఉచితంగానే మునిగేవారు.

తరవాత ఆ హోటల్‌వాళ్ళు కొలను మూసేసి మరమ్మతులు మొదలుపెట్టారు. తువ్వాళ్ళతో పాటు మా పిల్లనీ వద్దన్నారు. వీసా గడువు పద్దెనిమిది రోజులు మిగిలింది. ఈలోగా కొత్త ఉద్యోగం దొరకాలి, లేదా విమానం ఎక్కాలి. నేను ఊరుకున్నానా? మా కింద ఫ్లాట్ ఆవిడకి కవలపిల్లలు. వాళ్ళని చూసుకునే మనిషి కావాలంది. ఏసీ గది, తిండి, వీసా, అన్నీ వాళ్ళవే. నీళ్ళు కుళాయిలో తప్ప ఇంకెక్కడా కనపడవు. ఇంత మంచి ఉద్యోగం కాళ్ళ దగ్గరికి వస్తే మా మహారాణి, "ఖోర్ ఫక్కాన్‌లో ఒక డైవింగ్ షాపు ఉంది అమ్మమ్మా, శనివారం ట్రయల్‌కి రమ్మన్నారు" అంది.

ట్రయల్ అంటే ఇదీ. ఎన్నడూ సముద్రంలో మునగని ఒక కొత్త కస్టమర్‌ని ఒడ్డు నుంచి నడిపించి, నీళ్ళలో గోడలా నిట్టనిలువుగా దిగిపోయే రాతి అంచు దాకా తీసుకెళ్ళి, క్షేమంగా వెనక్కి తేవాలి. ముదీర్ వెనకాలే ఈదుతూ చూస్తాడు. నచ్చితే వీసా రాస్తాడు. నచ్చకపోతే కింద ఫ్లాట్, అదీ కాకపోతే ఊరు.

నేనూ వెంట వెళ్ళాను. అక్కడ బయట అన్నం కొనుక్కోవలసి వస్తుందని డబ్బాలో పులిహోర పెట్టుకుని బయల్దేరానని అందరికీ చెప్పాను. అసలు సంగతి, పరీక్ష పోతే పక్కన ఒకరు ఉండాలి కదా అని. పోవాలని కోరుకున్నావా అని దేవుడు అడిగితే, వంట మాడుతోందని తప్పుకునేదాన్ని.

కస్టమర్‌గా దాని హోటల్ స్నేహితురాలు రావాలి. మేం ఒడ్డుకి చేరేసరికి ఫోన్ వచ్చింది. ఆ పిల్లకి జలుబు. ముక్కు దిబ్బడగా ఉంటే మునగకూడదట, చెవులు పగిలిపోతాయట. మనవరాలు ఫోన్ పట్టుకుని గులకరాళ్ళ మీద కూలబడింది. ముదీర్ అప్పటికే షాపు జీపు లోంచి సిలిండర్లు దింపుతున్నాడు.

"ఇంకెవరూ లేరా?" అన్నాను.

"ఇప్పటికిప్పుడు ఎవరు దొరుకుతారు? అయిపోయింది అమ్మమ్మా. ఖలాస్."

అదే నేను ఆశించిన మాట. మరి నా నోరు ఎందుకు ఊరుకోలేదో నాకు తెలీదు. "నేను మునగనా?" అన్నాను.

అది నన్ను ఎగాదిగా చూసింది. "నీకు భయం లేదా?"

"పంటకాలవలో ఈదినదాన్నే. గేదెలు భయపడ్డాయి గానీ నేను భయపడలేదు."

"ముదీర్‌కి బయటి మనిషే కావాలి. నువ్వు అమ్మమ్మవని తెలిస్తే ఒప్పుకోడు. నన్ను ఒసే, గిసే అనకూడదు. నేను నిన్ను మేడమ్ అంటాను."

ఇరవై ఏళ్ళుగా కరామాలో ఎంతమందిని మేడమ్ అన్నానో లెక్కలేదు. నన్ను మేడమ్ అనే మనిషి దొరకడానికి సముద్రం దాకా రావలసి వచ్చింది.

కాగితం నింపారు. గుండెజబ్బు ఉందా, ఆయాసం ఉందా, మూర్ఛ ఉందా అని మనవరాలు చదివి అడిగింది. అన్నిటికీ లేదని చెప్పాను, నిజంగానే లేవు. జీవితంలో నాకు లేనివన్నీ ఇలా ఒకే కాగితం మీద చూసుకోవడం అదే మొదటిసారి. తరవాత రబ్బరు బట్టలు తొడిగించారు. అరటిపండు తొక్కని మళ్ళీ పండుకి ఎక్కించడం ఎవరైనా చూడాలంటే ఆ రోజు అక్కడికి వచ్చి ఉండవలసింది. నడుముకి సీసం బిళ్ళల బెల్టు, వీపుకి సిలిండర్ కట్టారు. కళ్ళద్దాల లోపల ఉమ్మేసి కడుక్కోమన్నారు, మసక పట్టకుండా. ఆ మొత్తం విద్యలో ఖర్చులేని పని అదొక్కటే, నాకు బాగా నచ్చింది.

మనవరాలు నా ఎదురుగా నిలబడి ఇంగ్లీషులో, హిందీలో, గొంతు తగ్గించి తెలుగులో పాఠం చెప్పింది. "మేడమ్, ఒకటే రూలు. ఊపిరి బిగపట్టొద్దు. నిండా పీల్చాలి, నెమ్మదిగా వదలాలి. ఆపకూడదు." మూడుసార్లు చెప్పింది. మూడుసార్లూ తలూపాను. పిల్ల కదా, చెప్పుకోనీ అనుకున్నాను.

ముదీర్ ఈజిప్టాయన. ఆయన హిందీ, నా హిందీ ఒకే బడిలో మానేసినట్టుంటాయి. "యల్లా, మేడమ్" అన్నాడు, ఇక పదమని.

కాళ్ళకి రెక్కలు తొడుక్కుని వెనక్కి నడుస్తూ నీళ్ళలోకి దిగాలి. సముద్రానికి వీపు చూపించి వెళ్ళే ఆ మర్యాద ఎవరు కనిపెట్టారో గానీ, మూడడుగులకే కూర్చున్నాను. మనవరాలు లేపింది. తల మునిగింది. బయట ఎండ, జీపు, ముదీర్ గొంతు, అన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. నా ఊపిరి నాకే వినపడసాగింది. బుస్సున లోపలికి, గుడగుడమంటూ బయటికి.

ఒప్పుకోకేం, బాగానే ఉంది. కింద ఇసుక వాలుగా దిగుతోంది. నల్లటి ముళ్ళ బంతులు, పసుపు చారల చేపలు. కూర వండేవి కావు, చూడటానికి మాత్రమే పనికొచ్చే రకం. కొంచెం ముందుకి వెళ్ళాక నేల హఠాత్తుగా అయిపోయింది. అంచు. అక్కణ్ణించి రాయి నిలువునా కిందికి దిగిపోయింది, మేడ మీంచి వీధిలోకి చూసినట్టు. గోడ పొడవునా ఊదారంగు మెత్తటి మొక్కలు, కన్నాల్లో దాక్కున్న ఏవో మూతులు, కింద నీలం. ఇంత ఆస్తి ఎవరూ అద్దెకివ్వకుండా ఖాళీగా వదిలేశారు.

అక్కడే నా బుద్ధి బయటపడింది. నా ఛాతీ దగ్గర ఒక మీటరు వేలాడుతోంది, సిలిండర్‌లో గాలి ఎంత ఉందో చూపించేది. ముల్లు కిందికి జారుతోంది. సిలిండర్ అంటే నాకు తెలిసింది ఒకటే, అది నెలాఖరు దాకా రావాలి. పొంగు రాగానే మంట తగ్గించాలి, ఉడుకు పట్టగానే కట్టెయ్యాలి, మిగతాది ఆవిరికి వదిలెయ్యాలి. ఇక్కడ చూస్తే గుడగుడమంటూ నిమిషానికి బోలెడు గాలి వృథా. ఒకసారి పీల్చి బిగపట్టాను. నాలుగు అంకెలు లెక్కపెట్టి వదిలాను. తరవాత ఆరు. తరవాత ఎనిమిది. ముల్లు నిలబడింది. ఇంతకాలం నేర్చుకుని మా పిల్లకి తట్టని ఉపాయం నాకు పావుగంటలో తట్టింది కదా అని ఎంత సంతోషమో.

పది లెక్కపెడుతుండగా గోడ కిందికి వెళ్ళిపోవడం మొదలుపెట్టింది. గోడ కాదు, నేనే పైకి పోతున్నాను, గాలి నింపిన బుడగలా.

మనవరాలు వచ్చి నా సిలిండర్ పట్టీ పట్టుకుని ఆపింది. అద్దంలోంచి దాని కళ్ళు కనపడ్డాయి. నేను గర్వంగా మీటరు చూపించాను. అది మీటరు వంక చూడలేదు. తన నోటి దగ్గర చెయ్యి పెట్టి ముందుకి సాచింది, వదులు అని. తల అడ్డంగా ఊపాను. నా రెండు భుజాలూ పట్టుకుని, ముఖానికి ముఖం ఆనించేంత దగ్గరికి వచ్చి, మళ్ళీ చూపించింది. చిన్నప్పుడు దానికి జ్వరం మందు మింగించడానికి నేను చూసిన చూపు అది. వదిలాను. గుడగుడలన్నీ ఒకేసారి వెళ్ళాయి. తల పగిలిపోతున్నట్టుందని అప్పుడు తెలిసింది.

ఇంకాస్త ముందు, గోడ మలుపులో తాబేలు ఉందని ముదీర్ చేత్తో చూపిస్తున్నాడు. ఆ తాబేలు కోసమే జనం వస్తారట. మనవరాలు ఆయన వంక చూసి చెయ్యి అడ్డంగా ఊపి, నన్ను పట్టుకుని వెనక్కి తిప్పింది. ఒడ్డు దాకా నా ఊపిరి అదే లెక్కపెట్టింది, వేళ్ళతో.

బయటికి రాగానే ముదీర్ కళ్ళద్దాలు తీసి, నా మీటరు ఎత్తి చూశాడు. "సగం పైన గాలి ఉంది. తాబేలు రెండు నిమిషాల దూరం. ఎందుకు వాపస్?"

"క్లయింట్ ఊపిరి సరిగ్గా లేదు. నా నిర్ణయం" అంది మనవరాలు.

"బిగపట్టిందా?"

అది అవునన్నట్టు తలూపింది.

"మొదటి రూలే అది. క్లయింట్ బిగపట్టిందంటే నువ్వు చెప్పలేదనే కదా అర్థం?"

అది వంగి కాళ్ళ రెక్కలు విప్పసాగింది. నా వంక చూడను కూడా చూడలేదు. అయిపోయింది అనుకున్నాను. నేను కోరుకున్నదే జరుగుతోంది, పైగా నా చేతుల మీదుగా. ఇప్పుడు నోరు మూసుకుంటే సోమవారానికల్లా పిల్ల ఏసీ గదిలో కవలల పక్కన ఉంటుంది. దాని జుట్టు లోంచి నీళ్ళు కారుతున్నాయి.

"చెప్పింది" అన్నాను నా హిందీలో. "తీన్ బార్ చెప్పింది. నేనే వినలేదు. గలతీ నాది."

ఈ మాట మా ఆయన ముప్పై ఏళ్ళు కాపురం చేసినా వినకుండానే పోయాడు. ఒక ముక్కూమొహం తెలియని ఈజిప్టాయన ఊరికే విన్నాడు.

"ఎందుకు బిగపట్టావు?"

"గాలి మిగులుతుందని."

నేను ఆ మాట అంటూ అంటూనే సంచిలోంచి తువ్వాలు తీసి మనవరాలి తల తుడుస్తున్నానని నాకు తెలీదు. పాపిట దాకా వచ్చాక గుర్తొచ్చి, చెయ్యి ఆపాను.

"మేడమ్, చాలు" అంది అది చిన్నగా.

"ఈవిడ నీకు ఏమవుతుంది?" అన్నాడు ముదీర్.

"అమ్మమ్మ" అంది తల దించుకుని.

"మాలూమ్. కస్టమర్ టీచర్‌కి అన్నం డబ్బా మోసుకురావడం నేనెక్కడా చూడలేదు." సిలిండర్ ఎత్తి జీపులో పెట్టాడు. మళ్ళీ తిరిగి వచ్చాడు. "తాబేలు నేను చూపించాను. నువ్వు నన్ను కాదన్నావు. అది బాగుంది. సోమవారం పాస్‌పోర్ట్, ఫోటోలు తీసుకురా." నా వైపు వేలు చూపించాడు. "ఈవిడ మాత్రం, నీళ్ళలోకి ఖలాస్."

ఉద్యోగం దానికి, నిషేధం నాకు. సరే, నాకొకటి తేలాలి. "మిగిలిన గాలి ఏం చేస్తారు?" అని అడిగాను.

"దాని మీదే మళ్ళీ నింపుతాం. నువ్వు ఎంత పీల్చినా ఒకటే రేటు మేడమ్."

అంటే నేను తలనొప్పి తెచ్చుకుని దాచిపెట్టినది ఎవరికీ మిగల్లేదు. ఆ మాట ముందే చెప్పి ఉంటే నిండా పీల్చేదాన్ని కదా! రూలు మూడుసార్లు చెప్పారు గానీ, రేటు ఒక్కసారి చెప్పలేదు.

జీపు వెళ్ళాక మనవరాలు నా మీద విరుచుకుపడింది. "చచ్చిపోయేదానివి తెలుసా! పైకి పోతూ బిగపడితే ఊపిరితిత్తులు చిరిగిపోతాయి. నాకేమయ్యేది అప్పుడు?"

"ఒసే, ఇప్పుడు అనొచ్చా, లేక ఇంకా మేడమ్‌నేనా?"

అది ఏడుస్తూ నవ్వింది. పులిహోర డబ్బా ఇద్దరం ఖాళీ చేశాం. బస్సులో తలనొప్పి ఉందా అని అడిగితే లేదన్నాను. నమ్మకుండా కరామా దాకా నా ఊపిరి వింటూ కూర్చుంది.

సాయంత్రం కింద ఫ్లాట్ ఆవిడ తలుపు కొట్టాను. మా అమ్మాయి రాదు, దానికి వేరే ఉద్యోగం దొరికింది అన్నాను.

"ఏం ఉద్యోగం?"

"మాట వినని ముసలివాళ్ళని నీళ్ళలోంచి బయటికి లాక్కురావడం."

"అలాంటి ఉద్యోగాలు కూడా ఉంటాయా?"

"ఉంటాయి. ఏసీ ఉండదు" అన్నాను. కవలల్లో ఒకడు లోపల ఏడుపు మొదలుపెట్టి, ఊపిరి బిగపట్టి ఎర్రబడిపోతున్నాడు. వెళ్ళి వాడి ముఖానికి ముఖం దగ్గర పెట్టి, వదలరా అన్నాను. వదిలాడు.