బెల్లం ముద్దలో మందు

మా ఆయన పోయాక ఆయన పొట్టి గుర్రం నా చేతికి వచ్చింది. తోటపల్లి గూడూరు దగ్గర బీచిలో పిల్లల్ని ఎక్కించుకుని తిరిగిన గుర్రం. దాని మెడ మీద కొవ్వు గట్టిపడింది. గిట్టల నొప్పితో ఇసుకలో కూడా ఆచితూచి అడుగు వేసేది. మనుషుల షుగరు లాంటి జబ్బేనని చెప్పి, పశువుల డాక్టరు మెగ్నీషియం, క్రోమియం కలిపిన పొడి ఇచ్చారు. రోజూ మేతలో ఒక చెంచా కలపమన్నారు.

పొడి వాసనకే అది మూతి తిప్పుకునేది. మా పుట్టింట్లో ఎద్దుకు ఏ మందైనా బెల్లం ముద్దలో పెట్టి మింగించేవాళ్లు. నేనూ అదే చేశాను. అది నా అరచెయ్యి నాకి మరీ తినేది. ఆయన వదిలి వెళ్లినదాన్ని బాగానే చూసుకుంటున్నాననుకున్నాను. నెల తిరిగేసరికి అది పడుకున్న చోటు నుంచి లేవడం మానేసింది.

డాక్టరు వచ్చి గిట్టలు పట్టి చూశారు.

"మందు ఎట్ట పెడతా ఉండారమ్మా?"

చెప్పాను.

"షుగరు మాత్రను మైసూరుపాకులో పెట్టి ఇచ్చినట్టుండాదే! తీపి మానేయండి, తవుడూ మానేయండి. గడ్డిలో కూడా తీపి ఉంటాది, గంటసేపు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి పెట్టండి. తడి గడ్డి మీద పొడి చిటికెడుతో మొదలుపెట్టండి. ఉత్త పొడి ఏం చేస్తాదమ్మా, మేత మారకుండా?"

"తినకపోతే సార్?"

"పస్తు మాత్రం పెట్టబాకండి. నాకు ఫోన్ చెయ్యండి."

నొప్పికి సూది వేసి వెళ్లారు. నాలుగు రోజులు అది పొడి లేని గడ్డి ఏరుకుని తిని, బెల్లం కోసం నా చెయ్యి వెతికింది. ఖాళీ చెయ్యి చూపించాను. అయిదో రోజు పొడితో సహా తింది, నిలబడి.