కడుపులో మందు

సకల జనుల సమ్మె మొదలై రెండు వారాలు దాటిన తరువాత, ఒక మధ్యాహ్నం, కోరుట్ల దగ్గరి పల్లెలోని ఒక ఇంటికి ఫోన్ చేశాను. ఆ ఫోన్ చేయకుండా ఉండవలసిందని ఆ తరువాత చాలాసార్లు అనుకున్నాను. చేయకపోతే ఏమయ్యేదో నాకు తెలియదు గనుక, ఆ మాటను కూడా నేను పూర్తిగా ఒప్పుకోలేను.

అప్పట్లో నేను జగిత్యాలలో ఒక హెచ్‌ఐవి పరీక్ష కేంద్రంలో ల్యాబ్ టెక్నీషియన్‌ను. రక్తం తీయడం, పరీక్షించడం, ఒక పరీక్ష చెప్పినదాన్ని మరో రెండు పద్ధతుల్లో సరిచూసుకోవడం నా పని. మందులు మొదలుపెట్టిన వాళ్లతో మాట్లాడడం కౌన్సెలర్ పని. సమ్మెతో బస్సులు ఆగిపోయి ఆయన కరీంనగర్ నుంచి రాలేకపోవడంతో ఆ ఫోన్లు చేసే బాధ్యత నా మీద పడింది.

నేను ఫోన్ చేసింది ఇరవై ఆరేళ్ల బీడీ కార్మికురాలి కోసం. ఆమె పుట్టిల్లు సిరిసిల్ల. భర్త భివండిలో మరమగ్గాల మీద పనిచేసి, జబ్బుతో తిరిగివచ్చి, ఏడాది కిందట చనిపోయాడు. ఆమెకు మందులు మొదలై నలభై రోజులైంది. పొద్దున ఒక మాత్ర, సాయంత్రం ఒక మాత్ర, పన్నెండు గంటల ఎడంతో వేసుకోవాలి, మానకూడదు. మానితే ఒంట్లోని వైరస్ ఆ మందుకు లొంగకుండా పోవచ్చు. ఎన్ని మాత్రలు తప్పితే అలా జరుగుతుందో కచ్చితంగా ఎవరూ చెప్పలేరు. ఆ కచ్చితత్వం లేకపోవడమే నన్ను అన్నిటికంటే భయపెట్టేది. ఆమెలో మిగిలిన బలం కూడా తక్కువే. అత్తగారింట్లో ఎవరికీ సంగతి తెలియదు. రక్తం తక్కువైందని దవాఖానకు పోయి వస్తున్నట్టు చెప్పుకుని, మాత్రలను బీడీలు చుట్టే తునికాకు కట్టల అడుగున దాచుకునేది.

ఇంట్లో ఉన్న ఒకే ఒక ఫోన్ అత్తది. ఆమే ఎత్తింది. కోడలు బీడీలు అప్పజెప్పడానికి కార్ఖానాకు పోయిందన్నది. జబ్బు పేరు నా నోట రాకూడదు. అందుకని జగిత్యాల దవాఖాన నుంచి మాట్లాడుతున్నానని చెప్పి, ఒక్కొక్క మాట ఏరుకుని అన్నాను.

"ఏం లేదమ్మా, మీ కోడలి కడుపులో మందు నిలుస్తోందా, వాంతులేమైనా అవుతున్నాయా అని కనుక్కుందామని."

"కడుపుల మందా?" అన్నది.

"అవునమ్మా. ఆమెను ఒకసారి నాకు ఫోన్ చేయమనండి."

"గట్లనే సారూ."

గుట్టు బయటపడకుండా పని ముగించానని తృప్తిపడి తరువాతి నంబరు నొక్కాను.

కోడలి నుంచి ఫోన్ రాలేదు. వారం గడవకముందే, ఒక మంగళవారం, అత్త స్వయంగా వచ్చింది. కొంత దూరం ఆటోలో, కొంత దూరం ట్రాక్టరు మీద, మిగిలింది నడిచి వచ్చానన్నది. గదిలో మా ఆపా కూడా ఉంది. అక్కా అన్న అర్థంతో అందరం ఆపా అని పిలిచే ఆమె, మా కేంద్రం తరఫున ఇళ్లకు వెళ్లివచ్చే కార్యకర్త. బట్టలు కుట్టి బతికే వితంతువు, ఆ మాత్రలనే ఆరేళ్లుగా వేసుకుంటున్న మనిషి.

అత్త కొంగు ముడి విప్పి ఒక తునికాకు పొట్లం తీసి నా బల్ల మీద పెట్టింది.

"నువ్వు చెప్పింది నిజమే సారూ. మందు ఉండె. కక్కిపిచ్చినం. గిదేం మందో జర పరీక్ష చేసి చెప్పు."

పొట్లంలో సగం కరిగిన తెల్లటి మాత్ర ఉంది. ఒక అంచు ఇంకా పదునుగానే ఉంది. రోజూ చూసే మాత్రను గుర్తుపట్టడానికి నాకు ఏ పరీక్షా అక్కరలేదు.

ఎవరో గిట్టనివాళ్లు తిండిలో మందు కలిపి పెడతారని, అది కడుపులో ఉండి మనిషిని చిక్కి శల్యం చేస్తుందని, దాన్ని పసరు పోసి కక్కించేవాళ్లు ఉంటారని నేను ఎరుగనివాణ్ని కాను. విని, అబద్ధమని తేల్చుకుని, పక్కన పెట్టేశాను. ఒక మాట అబద్ధమైనంత మాత్రాన జనం నోట బతకడం మానదని మాత్రం ఆలోచించలేదు. చిక్కిపోతున్న కోడలు, రక్తం తీసిన దవాఖాన, కడుపులో మందు ఉందా అని ఫోన్ చేసిన సారు. వీటి నుంచి ఆ పెద్దావిడ చేసిన నిర్ధారణలో తర్కదోషం ఏమీ లేదు.

సిరిసిల్ల అవతల, ముస్తాబాద్ దారిలో కక్కించే మనిషి ఒకాయన ఉన్నాడట. శనివారం నాడే కోడలిని పుట్టింటికి తీసుకుపోయి, ఆదివారం పొద్దున ఆయన దగ్గర కూర్చోబెట్టింది. ఇంకా రెండు ఆదివారాలు పోయాలన్నాడని, అందాకా కోడలిని పుట్టింట్లోనే ఉంచిందట.

"అమ్మా, అది రక్తం పెరగడానికి ఇచ్చే గోలీ కావచ్చు కదా" అన్నాను.

"రక్తం గోలీలు నేను మింగలేదా సారూ? ఎర్రగుంటయి. గిది తెల్లగున్నది. మంచి గోలీ అయితే నా ముంగట ఏసుకుంటది, దొంగతనంగ ఎందుకేసుకుంటది?"

"మా దగ్గర రక్తమే పరీక్ష చేస్తామమ్మా. ఇలాంటివి చేయలేం."

"మరి నీకు మందు రక్తంలనే గద దొరికింది?"

ఆమె గొంతులో కోపం లేదు. "కొడుకును దక్కిచ్చుకోలేకపోతి. గీ పిల్లన్న దక్కాలె" అన్నది. పొట్లం నా దగ్గరే ఉంచి, నీళ్లు తాగి, మళ్లీ ఆటో దొరుకుతుందేమోనని లేచి వెళ్లింది.

ఆమె గడప దాటాక ఆపా నా వైపు తిరిగింది.

"గోలీలు అనాలె సార్. ఈడ మందంటే మూడే. తాగేది, పురుగులకు కొట్టేది, పెట్టేది. మీరడిగింది మూడో దాన్ని."

"నాకు తట్టలేదు ఆపా."

"పెద్ద సదువుల గిది ఉండదు" అన్నది, ఎగతాళికి కూడా కాకుండా.

అత్తకు నిజం చెబితే కక్కించడం ఆగుతుంది. కానీ ఆ నిజం నాది కాదు. కోడలు ఒప్పుకోనిదే చెప్పే హక్కు నాకు లేదు. చెప్పకపోతే వచ్చే ఆదివారం కూడా మాత్ర కడుపులో నిలవదు. నాకు ఇంకో భయం కూడా ఉంది. మందు పెట్టినవాళ్ల పేరు ఆ కక్కించే మనిషి ఇంకా చెప్పలేదు. చెబితే ఏ పొరుగింటి ఆడమనిషి మీద పడతారో ఊహించడం కూడా నాకు ఇష్టం లేకపోయింది.

గురువారం నాడు ఆపా నెల మాత్రలు సంచిలో పెట్టుకుని సిరిసిల్ల బయలుదేరింది. మల్యాల దగ్గర సమ్మె చేసేవాళ్లు రోడ్డు మీద పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారట. ఆటో ఆపి, సంచిలో ఏముందని అడిగారట. "గోలీలు తమ్మీ. చూడుర్రి, మీక్కూడ రెండియ్యనా?" అన్నదట. వాళ్లు నవ్వి, ఆకులో పులిహోర పెట్టి, తిన్నాకే పోనిచ్చారట. ఫోన్‌లో ఆమె నవ్వుతూ చెబుతుంటే, ఆ సంచిలోని డబ్బాను ఎవరైనా చదవగలిగినవాడు తెరిచి ఉంటే ఏమయ్యేదని నాకు భయం వేసింది.

సాయంత్రం ఆపా ఫోన్ నుంచే కోడలు మాట్లాడింది. పక్కింటి మరమగ్గాల షెడ్డులోకి వెళ్లి నిలబడిందట. మగ్గాల చప్పుడులో ఆమె మాట అక్కడ ఎవరికీ వినబడదు. నాకూ సగమే వినబడింది.

"సారూ, చెప్పకున్రి. చెప్తే ఇంట్ల ఉండనియ్యరు. నేను చేసిన బీడీలు గూడ ముట్టరు."

"మరి ఆదివారం?"

"కక్కుత. మొన్న గోలీ ఏసుకున్న అరగంటకే పసరు పోసిండు, అందుకే వడ్డది. గోలీ ఎంతసేపటికి ఒంట్ల కలుస్తది సారూ?"

ఆ ప్రశ్న నేను ఊహించలేదు. అసలు పరీక్షించి తేల్చదగిన ప్రశ్న ఆ గొడవ మొత్తం మీద అదొక్కటే. దాన్ని అడిగింది ఆమె.

"కనీసం రెండు గంటలు. నాలుగైతే ఇంకా మంచిది. ఇవాళ నుంచే తెల్లవారుజామున నాలుగింటికి ఒకటి, సాయంత్రం నాలుగింటికి..."

అక్కడ కరెంటు పోయింది. బొగ్గు గనుల్లోనూ సమ్మె ఉండడంతో ఆ రోజుల్లో కరెంటు ఎప్పుడు పోతుందో తెలిసేది కాదు. మగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగిపోయి, ఫోన్‌లో మొదటిసారి నిశ్శబ్దం వినబడింది. ఆ నిశ్శబ్దంలో ఆమె ఊపిరి స్పష్టంగా వినిపించింది. ఫోన్‌లో నా గొంతు కూడా అక్కడ బయటికి వినబడుతుందని నేను ఆగాను. ఎవరిదో దగ్గు. తరువాత ఆపా గొంతు, "సరే బేటా, ఇంటికొచ్చి మాట్లాడుత" అని నన్ను కొడుకును చేసి ఫోన్ పెట్టేసింది.

తిరుగు దారిలో ఉన్న ఆపాకు ఫోన్ చేసి అడిగాను.

"నాలుగింటికి అన్నది విన్నదా?"

"తల ఊపింది సార్. దేనికి ఊపిందో నాకెట్ల తెలుసు? అంతల వాళ్లమ్మ అచ్చె, నేను గోలీలు చేతుల వెట్టి అచ్చిన."

ఆ పుట్టింట్లో ఫోన్ లేదు. శుక్ర, శనివారాలు నేను లెక్కలు వేస్తూ గడిపాను. రెండు అన్నది వినబడి, దాన్ని తెల్లవారుజాము రెండు గంటలని అనుకుని ఉంటే? పసరు పోసేలోపు మాత్ర ఎలాగూ కలిసిపోతుంది, ఫరవాలేదు. అసలు ఏదీ వినబడకపోతే? మళ్లీ మాత్ర పడుతుంది. ఆదివారం పొద్దున నాలుగింటికి నాకు నేనుగా మెలకువ వచ్చింది.

మధ్యాహ్నం అత్త ఫోన్ చేసింది.

"ఏం పడలే సారూ. ఉత్త పసరే."

కోడలు విన్నదన్నమాట.

"మందు పేగుకు అతుక్కున్నదన్నడు. వచ్చే ఆయితారం రెండింతలు పోస్తడట."

మాత్రను నిలబెట్టే లెక్క వేసిచ్చాను గానీ, ఏమీ పడకపోతే ఆ మనిషి ఏమంటాడన్నది లెక్కలోకి తీసుకోలేదు. ఆ పసరులో ఏముందో నాకు తెలియదు. తెలియనిదాన్ని రెట్టింపు చేస్తే, చిక్కిపోయిన ఆ ఒంటికి ఏమవుతుందో అసలే తెలియదు. "రెండింతలు వద్దమ్మా, పిల్ల తట్టుకోలేదు" అన్నాను. "కొద్దిగ కష్టమైనా లోపలిది ఎల్లాలె గద సారూ" అన్నది. ఆ వారంలో ఆపా రెండుసార్లు బయలుదేరింది. మొదటిసారి రాస్తారోకోలో ఇరుక్కుంది. రెండోసారి ఆటోలే కదలలేదు. ఆదివారం వచ్చింది, పోయింది. అత్త ఫోన్ చేయలేదు. నేను చేస్తే ఎత్తలేదు. సోమవారం కూడా ఎత్తలేదు. కోడలి పేరు ఉన్న కాగితాన్ని తీసి చూడడం, మళ్లీ లోపల పెట్టడం తప్ప నాకు చేతనైనది లేకపోయింది. బుధవారం నాటికి నేను ఆ నంబరు నొక్కడం కూడా మానేశాను. ఎత్తితే ఏం వినవలసి వస్తుందోనన్న భయమే కారణం.

సమ్మె ముగిసి బస్సులు తిరిగిన మూడో రోజు ఇద్దరూ కలిసి వచ్చారు. అత్త బయట బెంచీ మీద కూర్చుంది. ఫోన్‌లో పైసలు అయిపోయాయని, చార్జింగ్ లేదని ఏదో చెప్పింది. నేను తలుపు వేసి, కోడలి చేతికి రబ్బరు పట్టీ కట్టి, నరం కోసం వెతికాను.

"ఆదివారం ఏమైంది?"

"మొదటి గుక్కకే వడ్డది సారూ" అన్నది.

"గోలీయేనా?" అన్నాను.

"గోలీ గాదు. మా అమ్మోళ్లింట్ల నూలుకు వెట్టే గంజి ఉంటది గద, ఎండితే తెల్లగ గడ్డ గడుతది. గింత ముక్క బుగ్గల వెట్టుకోని పోయిన. పసరు నోట్లె పోయంగనే వదిలిన. 'గిదే ఆఖరుది' అన్నడు. ఉన్న పసరు గిన్నెంత పారవోసిండు."

"నీకు ఎవరు చెప్పారు?"

"ఎవలు చెప్తరు? మీరు గోలీ సంగతి చెప్పిండ్రు. కడమది నేను చూసుకోవాలె గద."

రక్తం గొట్టంలోకి నెమ్మదిగా ఎక్కింది. రోగనిరోధక కణాల లెక్క కోసం దాన్ని కరీంనగర్ పంపించాం. పదిహేను రోజులకు ఫలితం తీసుకోవడానికి ఒక్కతే వచ్చింది. లెక్క మునుపటి కంటే కొంత పెరిగింది. ఒక్క లెక్కను చూసి ఏదీ తేల్చకూడదని, మూడు నెలలకు మళ్లీ చూడాలని, నడుమ పోయిన ఆ ఒక్క మాత్ర వల్ల చెడు జరిగిందో లేదో ఇప్పుడే చెప్పలేమని నేను చెబుతూ పోయాను. ఆమె ఓపికగా విన్నది.

"గవన్ని సరే సారూ. బతుకుతనా?"

నా దగ్గర ఉన్న ఆధారం ఆ మాటకు చాలదు.

"బతుకుతవు" అన్నాను.

కాగితం మడిచి రవికెలో పెట్టుకుంది. గోడ గడియారం చూసి, నాలుగు కావడానికి పది నిమిషాలున్నాయని, బస్సులో గోలీ వేసుకుంటే నలుగురు చూస్తారని, మూలనున్న కుండలో నీళ్లు ముంచుకుని అక్కడే నిలబడింది.