అవ్వ మొక్కిన పీరు సాబు

మొన్న మా మనుమరాలు డచ్చి చిత్రకారుల బొమ్మల పుస్తకమొకటి తెచ్చి నా ఒళ్లో పెట్టింది మొదలు నాకు కాలు ఒకచోట నిలవడం లేదు, మనసూ నిలవడం లేదు. ఏ పేజీ తిప్పినా ఒకటే వరస: ఎడమపక్క కిటికీ, బల్లమీద తెరిచిన గ్రంథం, పక్కన భూగోళం, పొడుగు అంగీ తొడుక్కున్న పండితుడు. అందులో ఒకాయన ఎవరో తలుపు తట్టినట్టు చదువు ఆపి తలెత్తి చూస్తున్నాడు. ఓరి నాయనో, ఈయన మా రామన్నపేట ఇంటి గోడమీది పీరు సాబు కదా!

ఆ బొమ్మను మాకిచ్చింది చాచా. ఊళ్లో ఉర్దూ పంతులు, మా నాన్నకు, బాపు అనేవాళ్లం, ప్రాణస్నేహితుడు; పట్నంలో పాత పుస్తకాల అంగట్లో దొరికితే అద్దం కట్టించి బాపు చదువుకునే గదికని తెచ్చాడు. గడ్డమూ టోపీ చూసి మా అవ్వ, బాపును కన్నతల్లి, ఆయనెవరో మహిమగల పీరేనని తీర్మానించుకుని, ప్రతి జుమ్మేరాత్ నాడు, అంటే గురువారం, ఊదు వేసి, రొట్టెలు నలిపి బెల్లం కలిపిన మలీద పెట్టేది. దేవుడు కాదే, చదువుకునే మనిషే అని బాపు ఎంత నవ్వినా వినేది కాదు. పీర్ల పండుగకు ఊరంతా కలిసి నిప్పుల గుండం చుట్టూ తిరిగిన రోజులవి, నా ఈడు వాళ్లకు వేరే చెప్పాలా?

తర్వాతి కాలమూ మీకు తెలిసిందే. రజాకార్ల భయానికి బాపు ఆ గదిలో కుదురుగా ఒక్క పుట చదివింది లేదు, కిటికీకీ తలుపుకూ మధ్య తిరగడమే. పోలీసు యాక్షన్ అయింది, ఇక హాయి అనుకుంటే, ఆ భయం గల్లీ మారి చాచా ఇంటికి చేరింది. ఎవరో చేసిన పాపానికి ఆయన్ను వెతుకుతూ పొరుగూరి వాళ్లు కర్రలు పట్టుకుని వస్తున్నారని తెలిసి, బాపు ఆయన్ను తీసుకొచ్చి పుస్తకాల బీరువా వెనుక దాచాడు.

ఆరోజు జుమ్మేరాత్. అవ్వ ఊదు వేస్తుండగానే వాళ్లు గదిలోకి జొరబడ్డారు. పొగలో ఆ గడ్డం కనబడేసరికి ఒకడు కర్ర ఎత్తి, "గీ సాయిబు ఎవడు? మీ ఇంట్ల సాయిబులకేం పని?" అని గద్దించాడు.

"సాయిబు లేడు, పాడు లేడు! సీమదొర గాయన, మస్తు చదువుకున్నోడు. గా గుండ్రటి గోళం సూడు, పీర్ల కాడ గసుంటిది ఉంటదా? నా కొడుక్కు జర చదువబ్బాలెనని ఊదేస్తున్న," అంది అవ్వ.

వాళ్లు గోళాన్ని చూశారు, నమ్మారు, బీరువా వైపు తిరగకుండానే వెళ్లిపోయారు.

చాచా బతికాడు. కొన్నాళ్లకు పట్నం వెళ్లిపోయి మళ్లీ రాలేదు. అవ్వ మాత్రం పీరు సాబును కాదన్నానని చెంపలు వేసుకుని, పోయేదాకా జుమ్మేరాత్ నాడు ఒక్కపొద్దు ఉంది. నువ్వన్నది నిజమేనే అమ్మా అని బాపు ఎన్నిసార్లు చెప్పినా, కొడుకు తన బాధ చూడలేక అంటున్నాడనే అనుకుంది.

గడ్డం కనబడితే ఎవరని అడక్కుండానే చేతులెత్తి మొక్కిన మనుషులు ఇప్పుడేరీ? ఇప్పుడు ముందు ఎవరని అడుగుతున్నారు. నిన్న జుమ్మేరాత్. ఆ పేజీ తెరిచి ఊదుకడ్డీ ముట్టించాను. "అమ్మమ్మా, గాయన దేవుడు కాదే!" అని మనుమరాలు అచ్చం బాపులాగే నవ్వింది. నాకు తెలుసమ్మా. అవ్వ తెలుసుకోకుండానే పోయింది.