విశ్వవిద్యాలయాలకు పొంతనాలు

పలుకులకు పుట్టినిల్లయిన భారతీదేవికి తల వంచి, శోభకృత్ సంవత్సర మాఘ శుద్ధ పంచమీ భానువాసరమున, విడవలూరుకు తూర్పున సముద్రపుటొడ్డు బెస్తపల్లెలో జరిగిన ముచ్చటను వ్రాస్తున్నాను.

నేనప్పుడు ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుణ్ణి. అక్కడే సాంఘిక శాస్త్రం చెప్పే క్రైస్తవ సోదరి ఒకరికి, విదేశంలో సమాజశాస్త్రం చదవడానికి ఉపకారవేతనం దొరికింది. దరఖాస్తులో ఒక్క విశ్వవిద్యాలయం పేరే వ్రాయాలి. మరునాటి టపాలో అది పోవాలి. ఎంపిక తప్పితే మరో అవకాశం లేదు. ఇంగ్లండు, అమెరికా, ఆస్ట్రేలియా, హాలెండు దేశాల్లో ఒక్కొక్క విశ్వవిద్యాలయం నుండి వచ్చిన వివరణ పత్రాలను పడవ నీడన పరచుకొని కూర్చున్నాం.

నాకు తెలిసిన తులనాత్మక శాస్త్రం ఒక్కటే, జాతక పొంతనం. ప్రతి విద్యాపీఠానికీ స్థాపన తేదీ ఉండనే ఉంది. వాటికి నక్షత్రాలు గుణించి, ఉత్సాహం పట్టలేక అడిగాను.

“అమ్మా, మీ జన్మనక్షత్రం?”

“మా యింట్లో నక్షత్రాలు చూడరు పంతులుగారూ. బాప్తిస్మం తీసుకున్న తేదీ ఉంది. చాలదా?”

“దివ్యంగా చాలుతుంది!”

ఇంగ్లండుకు ముప్పదియారింట ఇరువదియెనిమిది గుణాలు కుదిరాయి. హాలెండుకు తొమ్మిదే, పైగా నాడీదోషం. నేను ఇంగ్లండుకు జయం పలుకుతుండగా, పక్కనే చేపలు ఎండబెడుతున్న బెస్త అక్క తొంగి చూసింది.

“ఏంది అయ్యోరా, సంబంధాలు చూస్తా ఉండారా?”

“సంబంధాలే అక్కా. వరులు నలుగురు.”

“ఒక్క పిల్లకి నలుగురా! మాకు ఒకడితోనే సరిపోయినాది గదయ్యా!”

ముగ్గురమూ కడుపుబ్బ నవ్వాం. తరువాత ఆ సోదరి అసలు సంగతి చెప్పారు. ఆ పల్లెలో వల లాగిన ప్రతిసారీ, మగదిక్కు పోయిన ఇంటికి కూడా పంపకంలో ఒక పాలు చేపలు చేరుతాయి. ఆ ఆచారాన్ని ఎలా అధ్యయనం చేయాలని అడుగుతూ ఆమె నలుగురికీ జాబు వ్రాశారు. ఇంగ్లండు భోజనశాలలో ధరించవలసిన అంగీల నియమాలు పంపింది. అమెరికా గ్రంథాలయం బొమ్మలు పంపింది. ఆస్ట్రేలియా “చాలా ఆసక్తికరం” అని ఒక్క వాక్యంతో సరిపెట్టింది. హాలెండు ఆచార్యుడొకాయన మాత్రం మూడు పుటల నిండా ప్రశ్నలే వ్రాశాడు. ఆమె ఒకటి తెలుగు చేసి చదివారు: “ఆ పాలు చేతికిస్తారా, గడప మీద పెట్టి పోతారా?”

బెస్త అక్క చేతిలోని చేప చేతిలోనే ఆగింది.

“గడప మీద పెట్టి, మొగం చూడకుండా పోతారమ్మా. చేతికిస్తే అడుక్కున్నట్టుంటాది గదా. మూడేండ్లుగా మా యింటికి వస్తా ఉండాది, ఊళ్ళో ఎవురూ ఈ మాట అడగలా. ఆ దొర యాడుండేది?”

“హాలెండులో.”

“ఇంకేంది, ఆడికే పో పంతులమ్మా!”

“తొమ్మిదే గుణాలక్కా! నాడీదోషం!” అని నేను మొరపెట్టుకున్నాను.

“కాపురం చేసేది మీరా, ఆమా?”

పంతులమ్మ నవ్వుతూనే కలం తీశారు. ఇంతలో గాలి విసిరింది. నా గణితమంతా అలల మీదికి ఎగిరింది. ఇంగ్లండు, అమెరికా ఇసుకలో దొర్లుతూ పోతుంటే, పంచె ఎగగట్టి వాటి వెంట పరుగెత్తాను. వెనక్కి చూసేసరికి పడవ పలక మీద దరఖాస్తు పూర్తయింది.

1964 సెప్టెంబరులో ఆమె హాలెండులో చేరారు. 1967లో తిరిగివచ్చి, అదే పల్లెలో ఏడాదిపాటు ఇల్లిల్లూ తిరిగి ప్రశ్నలడిగారు. మొదట వెళ్ళింది ఆ అక్క గడపకే.