బోరు పైపు ముక్కతో మూడు ఊళ్లు

మా అక్క రత్నమ్మకు వెన్నుపూస ఆపరేషన్ అయి రెండు నెలలు. సోమవారం మళ్లీ బెంగళూరులో డాక్టరుకు చూపించాలి. కుదుపు తగలకూడదని ఆయన మొదటిరోజే గట్టిగా చెప్పాడు. పోయిన నెల బావ తన పాత కారులో, వెనక సీటు మీద పరుపు వేసి తీసుకెళ్తే బాగేపల్లి దాటకముందే అక్క కళ్లల్లో నీళ్లు. ఎందుకని కారు కిందికి దూరి చూస్తే కారణం కనబడింది. వెనక షాకులకూ కారు బాడీకీ మధ్య కుదుపును మింగే రబ్బరు మౌంట్లు ఉండాలి. అవి లేవు. వాటి చోట బోరు పైపు ముక్కలున్నాయి. ఇనుము మీద ఇనుము.

ఇది మా వైపు వాళ్లే చేయగల ఘనకార్యం. వెయ్యి అడుగులు పోయినా నీళ్లు పడని బోర్లు మావి. నీళ్లు పడకపోయినా పైపులు మాత్రం ప్రతి ఇంటి వెనకా పడి ఉంటాయి. గేటుకు కాలు అదే, పందిరికి గుంజ అదే, ఆఖరికి కారు షాకుకూ అదే. ఊరి హంపులకు కారు అడుగు తగులుతోందని, అది తగిలినప్పుడల్లా అక్కకు నొప్పని, బావ ఇంటిముందే కారుకు జాకీ పెట్టి, పైపు ముక్కలు బిగించి వెనకభాగం రెండంగుళాలు లేపాడు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది. తీసేసిన మౌంట్లలో ఒకటి పాత ఇనుము వాడికి పోయింది, ఒకటి చీలిపోయి మిగిలింది. దాన్నీ, ఊడదీసిన పైపు ముక్కనొకదాన్నీ గుడ్డసంచిలో వేసుకుని శనివారం పొద్దున నేనూ బావా బయల్దేరాం.

ఏడూ పదికి బాగేపల్లిలో బస్సు. పేరేసంద్ర దాకా నిలబడే వెళ్లాం. నిలబడి చేసే పని ఇంకేముంది, బావను తిట్టాను. మనిషి పడుకునే కారనుకున్నావా, రాళ్లు తోలే ట్రాక్టరనుకున్నావా అన్నాను. ఆయన కిటికీలోంచి కొండలు చూస్తున్నాడు.

ఎనిమిదిన్నరకు చిక్కబళ్ళాపుర. బస్టాండు ఎదురుగా ఇడ్లీ బాగుంది, చట్నీ నీళ్లు. నాలాగే స్పేరు పార్టు కోసం వెళ్లేవాళ్లు పదిలోపు వెళ్లి పడిగాపులు కాయకండి, షాపులు తెరవరు. తెరిచిన మొదటి షాపాయన కన్నడలో లేదన్నాడు. మా మాట విని తెలుగులోకి మారి, మౌంటు ఒక్కటే రాదనీ, షాకు, స్ప్రింగు అన్నీ కలిపి సెట్టుగానే కొనాలనీ చెప్పాడు. రెండో షాపులో ఆర్డరు పెడితే వారం పడుతుందన్నారు. సోమవారానికి వారముందా? మూడోది గ్యారేజి. మెకానిక్కు మౌంటు వైపు చూడనైనా చూడలేదు. పైపు ముక్క చేతిలోకి తీసుకుని, దాని వెల్డింగు మీద వేలు రాసి మురిసిపోయాడు.

"ఎవురు చేసిందప్పా? బలే ఉండాది. దీనికేం తక్కువ? పదేండ్లయినా కదల్దు."

కదలకపోవడమే దాని రోగమని నేను చెబితే ఆయనకు ఎక్కలేదు. నా ఒళ్లు మండిపోయింది. దుకాణం ముందు అంత పెద్ద బోర్డు, లోపల ఇంతే బుర్ర.

పదకొండుకు చింతామణి బస్సు. శిడ్లఘట్టలో పట్టుగూళ్లు అమ్ముకున్న రైతులు ఖాళీ సంచులు మడిచి చంకలో పెట్టుకుని ఎక్కారు. బస్సంతా గూళ్ల వాసన. నా పక్కన కూర్చున్న పెద్దాయన సంచిలోకి తొంగిచూసి, ట్రాక్టరు టైరు కోసి పెట్టుకోమని, దానికోసం ఇంతదూరం దుడ్డు తగలేసుకుని రావాలా అని బుద్ధి చెప్పాడు. మా వైపు ప్రతివాడూ సగం మెకానిక్కే. పొద్దున్నించీ ఇంతమంది ఆ ఇనుమును తిప్పి తిప్పి చూశారు కానీ, ఆ కారులో ఎక్కేదెవరని ఒక్కరూ అడగలేదు.

పన్నెండున్నర దాటాక చింతామణిలో దిగి రాగిముద్ద, ఉలవచారు తిన్నాం. ఆ కోపంలో కూడా రెండో ముద్ద అడిగానంటే చారు ఎంత బాగుందో మీరే ఊహించుకోండి. హోటలాయన చెప్పిన గుర్తుల ప్రకారం ఊరి చివర పాత కార్లు విప్పి అమ్మే చోటికి నడిచాం. ఖాదర్ సాబ్ అనే ముసలాయన మంచం మీద కూర్చుని ఉన్నాడు. సంచిలోవి రెండూ నేలమీద పక్కపక్కన పెట్టించి అడిగాడు.

"బండిలో ఎవురు కూచుంటారప్పా?"

చెప్పాను. ఆయన లేచివెళ్లి, మా కారు లాంటిదే ముందు భాగం నుజ్జయిన ఒకదాని వెనకనుంచి రెండు మౌంట్లు విప్పించి తెచ్చాడు. రబ్బరు మెత్తగా ఉంది, ఎక్కడా చీలిక లేదు. బావను బొటనవేలితో నొక్కి చూడమన్నాడు.

"ఇది నలిగితేనేప్పా లోపల మనిషి నలక్కుండా ఉండేది. బిగించేది మెకానిక్కు కాడ బిగించండి, ఇంట్లో వద్దు." తర్వాత పైపు ముక్కను కాలితో తోసి, "ఈ తెలివి ఎవురిది?" అన్నాడు.

"నాదే సాబూ," అన్నాడు బావ.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. ఆ పైపు నా చేనిది. నా రెండో బోరు ఎండిపోయాక పైకి లాగింది. కోసింది నా ఇంటి గ్రైండరుతో. జాకీ తిప్పింది నేను. కారు కిందికి దించాక చుట్టూ తిరిగి చూసి, జీపు కూడా ఇంత ఎత్తుండదని చప్పట్లు కొట్టిందీ నేనే. మూడు ఊళ్లలో ఆయన్ను తిట్టుకుంటూ వచ్చాను. ఆయన ఎక్కడా నా పేరెత్తలేదు.

మూడున్నరకు చేలూరు మీదుగా బాగేపల్లి బస్సు దొరికింది. మురుగమల్లలో దర్గాకు వెళ్లేవాళ్లంతా దిగిపోయేసరికి బస్సు సగం ఖాళీ. బావ నా పక్కనుంచి లేచి, వెనక చక్రాలు దాటి ఆఖరి సీట్లో కూర్చున్నాడు. రోడ్డు గుంతలు. అక్కడ కూర్చున్నవాళ్లు జానెడెత్తు ఎగిరిపడతారు. ముందర ఇన్ని సీట్లు ఖాళీగా ఉన్నాయి, రమ్మని పిలిచాను.

"ఉండనీప్పా," అన్నాడు. "మీ అక్క ఎట్ల ఓర్చుకునిందో సూస్తాండా."

మౌంట్ల సంచి తీసుకుని వెళ్లి ఆయన పక్కన కూర్చున్నాను. దారిపొడుగునా టమాట తోటలు పచ్చగా ఉన్నాయట, తర్వాత ఎవరో చెప్పారు. నేను చూడలేదు. ప్రతి గుంతకూ ఇద్దరం ఎగిరి పడుతున్నాం. బాగేపల్లిలో దిగేసరికి నా నడుము పట్టేసింది. నాది ఆపరేషన్ కాని నడుము.