ఎవరూ రాకూడదని తెచ్చిన ఫ్రెంచి సినిమా

ఆ రోజుల్లో కొత్తగా పెళ్లయిన వాళ్లకు ఇల్లు దొరకడం కష్టమేమీ కాదు, ఆ ఇంట్లో ఇద్దరే ఉండడం కష్టం. ఇప్పటి పిల్లలకు ఈ మాట చెబితే అర్థం కాదు. గది తలుపు వేసుకుంటే సరిపోదా అంటారు. మాకూ తలుపు ఉండేది, గడియ కూడా బాగానే పడేది. పై కప్పు దాకా వెళ్లాల్సిన గోడే ఆరడుగుల దగ్గర ఆగిపోయేది. నాంపల్లి స్టేషను వెనక ఒక పాత పెంకుటింటిని మధ్యమధ్య అడ్డుగోడలు కట్టి భాగాలుగా అద్దెకిచ్చేవారు. గోడ ఇవతల మేము, అవతల ఇంటి యజమానురాలు. ఆవిడను అందరం పెద్దమ్మ అనేవాళ్లం. తరతరాలుగా హైదరాబాదులోనే ఉన్న కుటుంబం, చాలా మంచి మనిషి. చెవులు ఇంకా మంచివి. ఒకసారి నేను మావారితో గుసగుసగా, "కొబ్బరి నూనె అయిపోయిందండీ" అన్నాను. గోడ అవతల నుంచి జవాబు వచ్చింది: "నా తాన ఉన్నది బిడ్డా, పొద్దుగాల గిన్నె వట్టుకొని రా."

ఇది అరవై ఏడు చలికాలం సంగతి. (మావారు అరవై ఎనిమిది అంటారు. తప్పు. అరవై ఎనిమిదిలో ఆయన మీసం తీసేశారు, ఆ రాత్రి మీసం ఉంది.) అప్పటికి మా పెళ్లయి ఏడాది కావస్తోంది. ఆ ఏడాదిలో మేము ఒక్కసారి కూడా దెబ్బలాడుకోలేదు. అన్యోన్యత అనుకునేరు, అదేం కాదు. దెబ్బలాడుకోవడానికి చోటు లేక. నా మనసులో మాత్రం ఒక తగువు పెరుగుతూ ఉండేది. ఏం వండిపెట్టినా మావారు "బాగుంది" అనేవారు. ఉప్పు మరిచిన రోజూ బాగుంది, అడుగంటిన రోజూ బాగుంది. ఒకరోజు పరీక్షకని ఒట్టి చప్పిడి పప్పు పెట్టాను. తల ఎత్తకుండా తినేసి బాగుంది అని చెయ్యి కడుక్కున్నారు. గుంటూరు వైపు నుంచి నన్ను ఇంత దూరం తెచ్చుకున్న మనిషికి నేను ఏం పెడుతున్నానో పట్టదు, పెట్టేది నేనో మరొకరో కూడా పట్టదేమో అని నాకు భయం పట్టుకుంది. ఈ మాట ఆయన్ని ముఖాముఖి అడిగి తేల్చుకోవాలి. అడిగితే గొంతు లేస్తుంది, నా గొంతు సంగతి నాకు తెలుసు. గొంతు లేస్తే తెల్లారేసరికి పంపు దగ్గర బిందెలు పట్టుకుని నిలబడ్డ ప్రతి మనిషీ తీర్పు చెబుతుంది.

మావారు ఆబిడ్స్‌లో కెమెరాలు, సినిమా ప్రొజెక్టర్లు అద్దెకిచ్చే దుకాణంలో గుమాస్తా. పెళ్లిళ్లకూ బడులకూ చిన్న ప్రొజెక్టరు తీసుకెళ్లి బొమ్మ ఆడించి రావడం కూడా ఆయన పనే. పెళ్లిరోజు వస్తోందని తెలిసి దుకాణం సేఠ్, ఒక ఆదివారం ప్రొజెక్టరు ఇంటికి తీసుకెళ్లి భార్యాభర్తలిద్దరూ హాయిగా సినిమా చూసుకోమన్నాడు. మావారు పొంగిపోయారు. నేను ఆలోచనలో పడ్డాను. తెలుగు సినిమా వేస్తే ఇంటివాళ్లంతా వస్తారు. హిందీ వేస్తే వీధంతా వస్తుంది. ఇంగ్లీషు వేస్తే ముందు భాగంలో ఉండే పోస్టాఫీసు మామయ్య, తనకు వచ్చని నిరూపించుకోవడానికి వస్తాడు. ఎవరికీ రాని భాష ఏదైనా ఉందా అని అడిగాను. ఉందన్నారు. ఏదో కార్ఖానా కట్టించడానికి వచ్చిన ఫ్రెంచి దొర ఒకాయన, పని అయిపోయి తన దేశం వెళ్లిపోతూ ఒక పెట్టెడు సినిమా రీళ్లు సేఠ్‌కు అమ్మేశాడట. వాటిని అడిగినవాళ్లే లేరు. నాకు కావలసింది సరిగ్గా అదే. ఎవరూ రారు, ఇద్దరమే కూర్చుంటాం. తగువు అక్కడ ఎలా వస్తుందన్నది అప్పటికి ఆలోచించలేదు. ముందు ఇద్దరం ఒకచోట చేరాలి కదా.

మర్నాడు మధ్యాహ్నం ఆబిడ్స్ వెళ్లి దుకాణంలో కిటికీ పక్కన కూర్చున్నాను. డబ్బాల మీద పేర్లు ఫ్రెంచిలో ఉన్నాయి, ఎవరికీ అర్థం కావు. అందుకని రీలు కొస లాగి వెలుతురుకు పట్టుకుని, దుకాణంలోని భూతద్దంతో బొమ్మలు చూడడం మొదలుపెట్టాను. మొదట నాలుగు బారలు, ఇంకో చక్రానికి చుట్టి చివర నాలుగు బారలు. మధ్యది చూడాలంటే రీలంతా బార తర్వాత బార వెలుతురుకు పట్టాలి, సేఠ్ ఒప్పుకోడు. నాకు కొన్ని నియమాలు ఉండేవి. పెళ్లిరోజు కాబట్టి చావులు ఉండకూడదు. మా ఇంట్లో నీచు వండం కాబట్టి గోడ మీదైనా తినకూడదు. గోడ అవతల పెద్దమ్మ ఉంటుంది కాబట్టి ముద్దులు అసలే కుదరవు. ఈ నియమాలతో చూస్తే ఫ్రెంచివాళ్లు మిగలడం చాలా కష్టమైంది. ఒక డబ్బాలో ఇద్దరు కత్తులతో పొడుచుకుంటున్నారు. ఒక డబ్బాలో టోపీ పెట్టుకున్న పెద్దమనిషి గుల్లలోంచి నత్తల్ని తీసి తింటున్నాడు. మూడు డబ్బాలు ముద్దుల వల్ల పక్కకు పోయాయి. (నేను పక్కన పెట్టిన ఆ మూడింటినీ మావారు "సరిగ్గా చూశావా" అంటూ మళ్లీ వెలుతురుకు పట్టుకున్నారు, అవసరమైన దానికన్నా ఎక్కువసేపు.) సేఠ్ గల్లా దగ్గర నుంచి చాలాసేపు చూసి, "అమ్మా, మీరు పిక్చర్ చూస్తున్నరా, సంబంధం చూస్తున్నరా" అన్నాడు.

చివరికి రెండు రీళ్ల సినిమా ఒకటి కుదిరింది. మొదట్లో ఒక ఇల్లాలు వంటింట్లో నిలబడి రొట్టె కోస్తోంది. చివర్లో ఒక ముసలాయన కోళ్లకు గింజలు చల్లుతున్నాడు. ఇంతకన్నా మర్యాదైన సినిమా ఉండదని దాన్నే ఖాయం చేశాను. కొలతలు కూడా నేనే వేశాను. మా గది పొడవు తొమ్మిదడుగులు, బొమ్మ సరిగ్గా పడాలంటే ప్రొజెక్టరు కనీసం పదిహేను అడుగుల దూరంలో ఉండాలి. అందుకని దాన్ని బయట వరండాలో పెట్టి, తలుపు తీసి, లోపలి గోడ మీద బొమ్మ పడేలా ఏర్పాటు చేశాను. చాప గదిలో వేశాను. అంతా పద్ధతిగా కుదిరిందని నా బుద్ధికి నేనే మెచ్చుకున్నాను.

ఆదివారం సాయంత్రం మావారు ప్రొజెక్టరును రిక్షాలోంచి దించుతుంటే పెద్దమ్మ గుమ్మంలోకి వచ్చింది. "గిదేంది బాబూ, కుట్టు మిషనా?" అని అడిగింది. అబద్ధం చెప్పడం చేతకాని మనిషి కాబట్టి మావారు, ఫ్రెంచి సినిమా అనీ, ఎవరికీ అర్థం కాదనీ, అందరూ చూసేది కాదనీ చెప్పారు. ఆ ఆఖరి మాట అనకుండా ఉండాల్సింది. పెద్దమ్మ కాసేపు ఆలోచించి, "అందరు చూసేది కాదంటే ఎందుకు కాదో చూస్తెనే గదా తెలుస్తది" అని లోపలికి వెళ్లి తన పీట తెచ్చుకుంది. అక్కడి నుంచి ఆ వార్త భాగం నుంచి భాగానికి పాకింది. ఫ్రెంచి సినిమా అన్న మాటకు తెలుగు సినిమా కన్నా బలం ఉంటుందని నాకేం తెలుసు. చీకటి పడేసరికి చాప నిండింది, బొమ్మ వెలుగుకు అడ్డం రాకుండా కింద కూర్చున్నవాళ్లతో గుమ్మం నిండింది. పోస్టాఫీసు మామయ్య మఫ్లరు చుట్టుకుని వచ్చి అందరికన్నా ముందు కూర్చున్నాడు. "ఆడపిల్లలున్న కొంపమ్మా ఇది. ఏదైనా అసభ్యం వస్తే వెంటనే ఆపించడానికి పెద్దవాడొకడు దగ్గరుండాలి. నా కోసం కాదు" అన్నాడు.

దీపం ఆర్పి మావారు ప్రొజెక్టరు వేశారు. అప్పుడు తెలిసింది నాకు, నా కొలతల్లో జరిగిన పొరపాటు. ప్రొజెక్టరు వరండాలో ఉంటే దాన్ని నడిపే మనిషి కూడా వరండాలోనే ఉండాలి. జనం ఒక్కరూ రాకపోయినా ఆయన అక్కడ, నేను ఇక్కడే. ఆ చిన్న లెక్క తప్పినందుకు నా మీద నాకే మంట పుట్టింది. పెద్దమ్మ పక్కన ముడుచుకుని కూర్చున్నాను.

గోడ మీద ఇల్లాలు రొట్టె కోసింది. భర్త వచ్చి బల్ల ముందు కూర్చున్నాడు. అతనేదో అన్నాడు, ఆమె ఏదో అంది. భాష తెలియకపోయేసరికి అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటుంటే పెద్దమ్మ బాధ్యత తీసుకుంది. "గాయన మూడు నెల్ల సంది కిరాయి కట్టలే. గామె పుట్టింటికి పోత అంటున్నది." అందరికీ కథ అర్థమైపోయింది. పోస్టాఫీసు మామయ్య ముందు జాగ్రత్తగా అరచెయ్యి కళ్లకు అడ్డం పెట్టుకుని, వేళ్ల సందుల్లోంచి గమనిస్తున్నాడు. ఇంతలో ఆ ఫ్రెంచి ఇల్లాలు లేచి, అరమరలోంచి పింగాణీ పళ్లెం ఒకటి తీసి నేలకేసి కొట్టింది. తర్వాత ఇంకోటి. మొగుడి ముందు నిలబడి, నడుం మీద చేతులు వేసుకుని, గొంతు చించుకుని అరుస్తోంది. కిటికీలు తీసే ఉన్నాయి. ఇరుగుపొరుగు వింటారన్న చింత ఆ మహాతల్లికి లేనే లేదు. ఏడాదిగా నేను నోరు నొక్కుకుని తిరుగుతుంటే, ఈవిడకు అడిగేవాళ్లే లేరు. లేచి చీర కుచ్చిళ్లు సర్దుకుని, మనుషుల మధ్య నుంచి దారి చేసుకుంటూ వరండాలోకి వెళ్లాను.

అక్కడ ప్రొజెక్టరు వడ్ల మిల్లులా గడగడలాడుతోంది. దాని పక్కన నిలబడితే మన మాట మనకే వినిపించదు. అందరి వీపులూ మా వైపు, అందరి కళ్లూ గోడ వైపు. ఆయన చెవి దగ్గరకు వెళ్లి, "మీకు నేను ఏం పెట్టినా ఒకటేనా" అన్నాను. ఆయన రీలు ఏమైనా తెగిందేమో అని చక్రాలు చూశారు. మళ్లీ అన్నాను, ఈసారి గట్టిగా. ఎవరూ తిరగలేదు. ఇంకా గట్టిగా అన్నాను. ఎవరూ తిరగలేదు. అక్కడి నుంచి నన్ను పట్టేవాళ్లు లేకపోయారు. చప్పిడి పప్పు మొదలుకుని ఏడాది తగువంతా ఆ యంత్రం పక్కన నిలబడి దులిపేశాను. "మనిషికి వండుతున్నానా, మొద్దుకు వండుతున్నానా" అని కూడా అన్నాను.

ఆయన నోరు తెరుచుకుని విన్నారు. తర్వాత ఆయన గొంతూ లేచింది. "ఆ గోడ అవతల పెద్దమ్మ వింటుంటే బాగాలేదని ఎలా అంటాను? పొద్దున్నే పంపు దగ్గర నీ మొహం ఎక్కడ పెట్టుకుంటావు?" అన్నారు. ఏడాదిలో ఆ సంగతి నాకు తట్టనే లేదు. "అయితే ఏవి బాగాలేవో ఇప్పుడు చెప్పండి" అన్నాను. ఆయన చెప్పడం మొదలుపెట్టారు. శ్రావణంలో పూర్ణాలు నూనెలో విచ్చిపోయాయన్నారు. మా అన్నయ్య వచ్చిన రోజు గోంగూరలో ఇసుక తగిలిందన్నారు. ఆ చప్పిడి పప్పు నేను కావాలనే పెట్టానని ఆ రోజే గ్రహించారట, ఎందుకు పెట్టానో అడగడానికి మాత్రం ధైర్యం చాలలేదట. వంకాయ బాగుందన్నది మాత్రం నిజమన్నారు. అన్నీ వరస తప్పకుండా చెబుతున్నారు. ఏమీ పట్టని మనిషని నేను అనుకున్న ఆయన, నాకన్నా గట్టిగా గుర్తుపెట్టుకుని కూర్చున్నారు. నాకు కోపం ఎక్కడికి పోయిందో తెలియలేదు. ఇంకా చెప్పించుకోవాలని, "మరి పులుసు?" అని అడిగాను.

సరిగ్గా అప్పుడే మొదటి రీలు అయిపోయింది. కొస టపటపా కొట్టుకోగానే అలవాటుకొద్దీ ఆయన చెయ్యి వెళ్లి మీట తిప్పింది. ఆయన నోరు మాత్రం ఆగలేదు. చీమ చిటుక్కుమంటే వినపడే నిశ్శబ్దంలో, వడ్ల మిల్లు మీద వినపడాల్సినంత గట్టిగా, మావారి గొంతు ఇల్లంతా మోగింది.

"నీ పులుసు నోట్లో పెట్టుకోలేక చస్తున్నాను."

పోస్టాఫీసు మామయ్య కళ్ల మీద చెయ్యి తియ్యకుండానే, "ఇది సినిమాలో మాటేనా? తెలుగు బాగానే మాట్లాడుతున్నారే" అన్నాడు. నాకు నేల చీలితే బాగుండుననిపించింది. పెద్దమ్మ మాత్రం వెనక్కి తిరగనైనా తిరగకుండా తాపీగా అంది: "నువ్వొచ్చిన నెలకే చెప్దామనుకున్న బిడ్డా. మొగడు బాగున్నదంటుంటె నడుమ నేనెట్ల చెప్త? చింతపండు జర తగ్గియ్యి." తర్వాత గొంతు పెంచి, "ఇంకో చక్రం జల్ది ఎయ్యి బాబూ, కొట్లాట ఇంకా ఒడ్వలే" అంది. ఎవరి కొట్లాటో నేను అడగలేదు. గుమ్మంలో ఒకరిద్దరు మా వైపు తిరగబోతుంటే వాళ్లను కూడా ఆవిడే కసిరింది. "ఎన్కకేం జూస్తున్రు? బొమ్మ ముందట్ల ఉన్నది."

రెండో రీలు ఎక్కించారు. నేను గదిలోకి వెళ్లలేదు. ఆ రీలు ఆడినంతసేపూ ప్రొజెక్టరు పక్కనే నిలబడ్డాం. ఆయన తన చిన్నప్పటి సంగతులు చెప్పారు, నేను నావి చెప్పాను. మధ్యలో ఇంకో రెండు చిన్న తగువులు కూడా అయ్యాయి, గొంతెత్తి. ముసలాయన కోళ్లకు గింజలు చల్లేసరికి నాకు బెంగ పుట్టింది. దీపం వెలిగించగానే, "మొదట్నుంచీ ఇంకోసారి వేస్తే బాగుంటుందేమో, వెనక కూర్చున్నవాళ్లకు సరిగ్గా కనిపించలేదు" అన్నది నేనే. పెద్దమ్మ నా మొహం చూసి, "ఔ, నాకు గుడ అంత సమజ్ గాలే" అని మళ్లీ పీట మీద కుదురుగా కూర్చుంది.

ఆ ఫ్రెంచి దంపతులు చివరికి కలిశారో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. అన్ని నియమాలు పెట్టి, భూతద్దంతో వెతికి తెచ్చిన సినిమాను రెండుసార్లు ఆడించి కూడా చూడనిది నేనొక్కదాన్నే. పంపు దగ్గర పెద్దమ్మ చాలాకాలం చెప్పిన కథలో మాత్రం, ఆయన బాకీ కిరాయి అంతా కట్టేసి ఆమెను పుట్టింటి నుంచి తీసుకొచ్చుకున్నాడు. ఇప్పుడు ఆలోచిస్తే, కిటికీ పక్కన రీళ్లు వెలుతురుకు పట్టుకుని కూర్చున్న ఆ అమ్మాయిని తలుచుకుని నవ్వొస్తుంది. గది కొలిచింది, దూరం కొలిచింది, ఎవరూ రాకుండా ఏం చెయ్యాలో అంతా ఆలోచించింది. నిజంగానే ఎవరూ రాకపోతే ఏమయ్యేదో ఆ పిల్లకు తట్టలేదు. ఆయన వరండాలో, తను గదిలో, వేరే చూసేవాళ్లు లేని బొమ్మను వదిలి లేవలేక, ముక్కూ మొహం తెలియని ఆలుమగల గొడవను చివరిదాకా బుద్ధిగా చూసి, చాప మడిచి, నోరు మెదపకుండా పడుకునేవాళ్లు.