అడుగంతస్తు బేరం

ఓడ మునిగితే ఊరంతా జాలిపడుతుంది. ఓడ నిక్షేపంగా తేలుతూ ఉండగా అందులో నేనొక్కణ్ణే మునిగిపోయిన వైనం ఇది. మీరు జాలిపడనక్కర్లేదు. మా ఆవిడే పడలేదు.

నేను నెల్లూరులో బట్టల కొట్టు గడప మీద పెరిగినవాణ్ణి. మా నాన్న నాకు అక్షరాల కంటే ముందు నేర్పిన పాఠం ఒకటుంది: దొంతరలో పైచీర కొనకు. అది ఎండకు వెలిసి, వచ్చిపోయేవాళ్ళ చేతుల్లో నలిగి ఉంటుంది. అడుగున ఉన్నది లాగమను. రెండో పాఠం ఇంకా గొప్పది: అమ్మేవాడు "అది మీకొద్దు లెండి" అన్నాడంటే, దాన్ని బావమరిది కోసం దాచుకున్నాడని అర్థం. ఈ రెండు సూత్రాలూ పట్టుకుని సింగపూర్ వచ్చి ఫ్రిజ్జులు కొన్నాను, సోఫాలు కొన్నాను, ఎక్కడా దెబ్బతినలేదు. చీరకు పనికొచ్చింది ఓడకు మాత్రం ఎందుకు పనికిరాదనుకోవడమే నేను చేసిన ఘనకార్యం.

కొన్నేళ్ళ కిందటి మాట. మా పెళ్ళయి పాతికేళ్ళు నిండబోతున్నాయి. ఏం కావాలో కోరుకోమని మా ఆవిడ వసుంధరను అడిగాను. అడగడం నా బలహీనత కాదు. చెప్పకుండా కొంటే తిరిగి ఇచ్చేయాల్సి వస్తుందని ముందుజాగ్రత్త. మేముండేది హౌగాంగ్‌లో. పడకగది కిటికీ తీస్తే ఎదుటి బ్లాకువాళ్ళు వెదురు కర్రలకు ఆరేసిన బట్టలు తప్ప మరో ప్రకృతి సౌందర్యం లేదు. ఎవరింట్లో బనీను చిరిగిందో మాకు వాళ్ళకంటే ముందు తెలుస్తుంది.

"నాకు వడ్డాణాలొద్దండీ," అంది వసుంధర. "మంచం మీద పడుకుని కిటికీలోంచి చూస్తే, బట్టలు కానిది ఏదైనా కదలతా కనపడాల. అంతే."

ఎక్కడో ఫోనులో చూసిందట, రష్యాలో వోల్గా నది మీద తెల్లటి ఓడ పోతుంటే పక్కనే చెట్లన్నీ వెనక్కి నడిచిపోవడం. ఆ చెట్లు ఆమెకు కావాలి. పాతికేళ్ళలో ఆమె నోరు తెరిచి అడిగిన కోరిక అదొక్కటే.

పాయా లేబర్‌లో నూకరత్నం ఆంటీ అని ఒకావిడ చిన్న ట్రావెల్ ఆఫీసు నడిపేది. వాళ్ళ తాత విశాఖ వైపు నుంచి సెంబవాంగ్ నౌకాదళ స్థావరంలో పనికి వచ్చాడట. మూడు తరాలు దాటినా ఆవిడ తెలుగు చెక్కుచెదరలేదు. మధ్యమధ్యలో మలయ్ మాట ఒకటి, వాక్యం చివర సింగపూర్‌వాళ్ళ ఊతపదం 'లా' ఒకటి పోపుగింజల్లా తగులుతాయి, అంతే. వోల్గా ఓడ కోసం వెళ్తే ఆవిడ దాని బొమ్మ బల్ల మీద పరిచింది. సోవియట్ల కాలంలో తూర్పు జర్మనీ కార్ఖానాలో కట్టిన ఓడ. నాలుగంతస్తులు. అచ్చం మడతపెట్టిన నాలుగు చీరల దొంతర.

"ఈ పైది సూడు బాబూ. రెండు పాత రూములు కొట్టేసి ఒకటి సేసినారు. పెద్ద కిటికీ. మీ ఆవిడికి బావుంటాది."

కొట్టేసి కట్టారంటే మరమ్మతు సరుకన్నమాట. పైగా అడగకముందే తగ్గింపు ధర చెబుతోంది. నేను లోపల్లోపల నవ్వుకుని, అడుగంతస్తు మీద వేలు పెట్టాను.

"అదా? అది సోవియట్టోళ్ళ కాలంలో ఎలా కట్టినారో అలాగే ఉండిపోనాది. ఎవులూ ముట్టుకోలేదు."

ఎవరూ ముట్టుకోలేదు! నా చెవికి ఆ మాట మడత విప్పని పట్టుచీర గరగరలా వినిపించింది.

"అదే రాయండి ఆంటీ."

"ఒద్దు బాబూ. నీటికి మరీ దగ్గర లా."

నీటికి దగ్గర! సింగపూర్‌లో నీళ్ళు కనబడే ఫ్లాటు కొనాలంటే మనవళ్ళ దాకా వాయిదాలు కట్టాలి. ఈవిడ దాన్ని తప్పులా చెబుతోంది. బావమరిది కోసం దాస్తోందని తేలిపోయింది. ఆవిడ వద్దన్నకొద్దీ నేను పట్టుబట్టాను. చివరికి ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టేసింది.

"నాకేటి. రేపు సుసా పడేది నువ్వే."

సుసా అంటే మలయ్‌లో అవస్థ. ఓడిపోయిన వ్యాపారి పెట్టే శాపనార్థం అనుకున్నాను. అంతటితో ఆగానా? అక్కడికీ ధర తగ్గించి, కొసరు కింద మెడకు పెట్టుకునే దిండ్లు రెండు పుచ్చుకుని, జగత్తును జయించినవాడిలా రైలెక్కాను. ఊరంతా ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారి అంటారు; ఓడంతా పైకెక్కాలని చూస్తే ఈ ఉలిపికట్టె డబ్బిచ్చి మరీ కిందికి దిగింది.

ఇంట్లో వసుంధర ఒకే ప్రశ్న వేసింది. "కిటికీ ఉంది గదా?"

"ఉంది. గుండ్రటిది. పాతకాలపు అసలు సరుకు," అన్నాను. అబద్ధం ఒక్కటీ లేదు చూడండి.

రష్యా చేరి, ఓడలో గది తాళం పుచ్చుకుని మెట్లు దిగడం మొదలుపెట్టాం. మొదటి అంతస్తు దిగేసరికి తివాచీ అయిపోయింది. రెండోది దిగేసరికి నగిషీ చెక్క అయిపోయింది. ఆ తర్వాత ఇనప మెట్లు, క్యాబేజీ పులుసు వాసన. వంటవాళ్ళూ ఇంజనువాళ్ళూ మా ఇరుగుపొరుగు. మమ్మల్ని చూసి వాళ్ళు దారి తప్పామనుకుని పైకి దారి చూపించారు. నేను గర్వంగా తాళం చెవి చూపించాను. వాళ్ళ ముఖాల్లో కనిపించింది గౌరవం అనే అనుకున్నాను.

గది అంటే మన రైలు పెట్టెలో ఒక ముక్క కోసి అతికించినట్టుంది. గోడకు మడిచే సన్నటి మంచాలు రెండు. ఒకరు నిలబడితే రెండోవారు పడుకుని తీరాలి. స్నానం చేయాలంటే చేతులు కడుక్కునే తొట్టి దగ్గరి కుళాయినే గొట్టంతో సహా పైకి లాగాలి. అప్పుడు మనతో పాటు మరుగుదొడ్డీ, అద్దమూ, తలుపు వెనక తువ్వాలూ అన్నీ కలిసి స్నానం చేస్తాయి. పక్క గోడ అవతల ఇంజను, ఇడ్లీ పిండి రుబ్బే గ్రైండరులా, ఎవరికో పెళ్ళి టిఫిన్లు ఉన్నట్టు ఆగకుండా తిరుగుతోంది.

ఇక కిటికీ. పళ్ళెమంత గుండ్రటి అద్దం. ఓడ కదిలింది. అద్దం సగం దాకా నీళ్ళొచ్చి, నురగతో గిరగిరా సుడి తిరగసాగాయి. వసుంధర మంచం మీద పడుకుని చాలాసేపు దాన్నే చూసింది.

"ఏమండీ, మనం వాషింగ్ మెషీన్‌కి బయటున్నామా, లోపలున్నామా?"

నేను మాట మార్చి, పాతకాలపు గాజు ఎంత మందంగా ఉంటుందో వివరించాను. ఆమె వినలేదు. గోడవైపు తిరిగి పడుకుంది. పాతికేళ్ళ కోరిక అలా గోడకేసి తిరగడం చూసి, కాస్త గుండె కలుక్కుమన్న మాట నిజమే. కానీ బేరగాడు కొన్న సరుకును కొన్న రోజే తిట్టుకోడు.

మర్నాడు ఓడ పెద్ద సరస్సులోకి దిగింది. అలలు గట్టిగా ఉన్నాయని ఒకతను వచ్చి ఆ పళ్ళెం మీద కూడా ఇనప మూత బిగించి పోయాడు. ఉన్న నురగ కూడా పోయింది. అతని వెనకే ఓడ వ్యవహారాలు చూసే రష్యన్ అమ్మాయి వచ్చింది. వచ్చీరాని ఇంగ్లీషులో ఆమె చెప్పిందేమంటే, పైన పెద్ద కిటికీ ఉన్న గదివాళ్ళు రాలేదు, మీరు మారిపోండి, అదనంగా ఏమీ ఇవ్వక్కర్లేదు అని.

ఇక్కడ మీరైతే ఏం చేస్తారు? తువ్వాలు భుజాన వేసుకుని పరిగెత్తుతారు. నేను నెల్లూరు బట్టల కొట్టువాణ్ణి. మా గది వీళ్ళకు దేనికో అవసరం పడింది, లేకపోతే ఊరికే ఎందుకు ఇస్తారు అని ఆలోచించాను. మారినందుకు మాకేమిస్తారని అడిగాను. ఆమెకు అర్థం కాలేదు. భోజనాల దగ్గర కిటికీ పక్క బల్ల, సాయంత్రం టీతో పాటు ఏదైనా పిండివంట కావాలని విడమర్చి చెప్పాను. ఉచితానికి కొసరు అడిగిన మహానుభావుడు భూమ్మీద నేనొక్కణ్ణే అయ్యుంటాను. ఆమె పాపం పైవాళ్ళను అడిగి వస్తానని వెళ్ళింది.

తిరిగి వచ్చేసరికి ఆ గది మధ్య అంతస్తులోని ముసలి దంపతులకు వెళ్ళిపోయిందట. వాళ్ళు సరే అన్నారట. అంతే, ఒట్టి సరే. ఇప్పుడిక మిగిలింది ఒక్కరు పడుకునే చిన్న గది. కిటికీ మాత్రం పెద్దదే.

నేను గొంతు సవరించుకున్నాను. "దానికైతే..."

నా వాక్యం పూర్తయ్యేలోగా వసుంధర ఆ అమ్మాయి చేతిలోంచి తాళం చెవి అందుకుంది. చంకలో దిండు పెట్టుకుంది.

"ఒకే మంచమంటండీ. మీరు బేరం ముగించుకుని నిదానంగా రండి."

మిగిలిన ప్రయాణమంతా ఆమె పైన, నేను కింద. రోజూ సాయంత్రం చుట్టపుచూపుగా ఆమె గదికి వెళ్ళేవాణ్ణి. ఆమె పడుకుని ఉండేది. కిటికీలో చెట్లు, చర్చి గోపురాలు వెనక్కి నడిచిపోతుండేవి; ఒకనాడు ఒడ్డున బట్టలుతుకుతున్న ఒక అవ్వ కూడా. ఆ బట్టలు చూసి కూడా ఆమె నవ్విందంటే ఎంత సంతోషంగా ఉందో ఊహించుకోండి. నేను కూర్చోబోతే, చెప్పులు బయట విడిచి రమ్మంది.

సింగపూర్ తిరిగొచ్చాక నిజం చెప్పి ఉంటే పోయేది. హౌగాంగ్‌లో మన తెలుగువాళ్ళు ఆదివారం భోజనాలకు చేరినప్పుడల్లా నేనే ఎత్తుకునేవాణ్ణి. ఓడంటే అడుగంతస్తే ఓడ, ఇంజను చప్పుడు జోలపాట, నురగ చూస్తూ నిద్రపోవడం యోగం, పైవాళ్ళకేం తెలుసు, అని. వసుంధర కాఫీలు అందిస్తూ "ఆయనకు బాగా నచ్చిందండీ" అని మాత్రం అనేది. ఆ మాటలో ఏముందో పసిగట్టలేకపోయాను.

కిందటి నెల నూకరత్నం ఆంటీ ఫోను చేసింది.

"బాబూ, మీ ఆవిడ బంగారం లా. ఒక్క మాటకి ఒప్పేసుకున్నాది. మళ్ళీ అదే ఓడ. పైన పెద్ద కిటికీ రూము ఆవిడికి. నీకు అడుగుది."

"నాకు అడుగుది దేనికి ఆంటీ?" అన్నాను.

"నేను ఒద్దనే సెప్పాను బాబూ. ఆయనకి అదంటే పేణం, ఊరందరికీ సెప్పుకుంటాడు, అదే ఇయ్యండి అన్నాది. ఈసారి వారం కాదు, రెండు వారాలు."

కాబట్టి, ఈ భూమ్మీది సకల నదులనూ, వాటి మీది సకల నౌకలనూ సాక్షులుగా నిలబెట్టి ప్రమాణం చేస్తున్నాను. బేరం మానతానని కాదు, అది రక్తంలో ఉంది, వైద్యం లేదు. కొని మోసపోయిన సరుకును మాత్రం ఈ జన్మలో మళ్ళీ పొగడను. తప్పనిసరై పొగడవలసి వచ్చినా, మా ఆవిడ వినేంత దూరంలో పొగడను.